ఇంటికి ఒక గది కలుపుకోవాలంటే: బేల్దారి పని నేర్చుకుంటూ సొంతంగా కట్టుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటి వెనక పదడుగుల జాగా ఉన్న ప్రతివాళ్ళకీ ఒక ఆలోచన ఉంటుంది. అక్కడ ఒక వంటగదో, స్నానాల గదో, పిల్లాడు చదువుకునే గదో వేసుకుంటే బాగుండునని. చిన్న పని కాబట్టి మేస్త్రీలు ఒక పట్టాన రారు. వచ్చినా పెద్ద సైటు దొరగ్గానే మధ్యలో వదిలేసి పోతారు. అందుకని "మనమే ఎందుకు కట్టుకోకూడదు" అనుకునేవాళ్ళు ఇప్పుడు పెరుగుతున్నారు. కట్టుకోవచ్చు. అయితే అన్నీ కాదు, ఒక్కసారిగానూ కాదు.

నేను పెట్టుకున్న లెక్క ఇది: తప్పొస్తే విప్పి మళ్ళీ చేయగలిగిన పని మనది, విప్పలేని పని చేయి తిరిగినవాళ్ళది. ఇటుక వరస వంకరపోతే మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపిన ముద్ద) ఆరకముందే తీసేయొచ్చు. పూత బాగా రాకపోతే చెక్కేయొచ్చు. శ్లాబు పోశాక మాత్రం చేసేదేమీ ఉండదు. కాబట్టి మార్కింగ్, తవ్వకం, గోడ, పూత, నేల, క్యూరింగ్ (కట్టినదాన్ని తడిగా ఉంచడం) మీరు పెట్టుకోండి. ఇనుము లెక్క, పిల్లర్లు, శ్లాబు, కరెంటు మెయిన్ కనెక్షన్ తెలిసినవాళ్ళకు వదిలేయండి. అప్పుడు కూడా పక్కన నిలబడి చూడటం మీ పనే.

ముందు కాగితం, కాలం

పట్నంలో అయితే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని, పల్లెలో అయితే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును కలిసి, మీ స్థలంలో పక్కకీ వెనక్కీ ఎంత ఖాళీ వదలాలో అడగండి. నెల్లూరు, ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి మీ ఊరు వస్తుందో రాదో కూడా అక్కడే తెలుస్తుంది. పక్కింటివాళ్ళతో ఒక మాట ముందే అనుకోండి. వెనక గోడ కట్టాక వచ్చే గొడవ కంటే కట్టకముందు తాగే టీ చవక.

కాలం విషయంలో మన జిల్లాలు తక్కిన రాష్ట్రంలాగా కాదు. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కోసుకుపోవడం చూశాం. ఆ నెలల్లో పునాది తవ్వితే గుంటలో నీళ్ళు తోడడంతోనే సరిపోతుంది. రోహిణి ఎండల్లో పెట్టుకుంటే తడిపిన గోడ గంటలో ఎండిపోతుంది. సంక్రాంతి వెళ్ళాక ముగ్గు పోసి, ఏప్రిల్ ముదరకముందే పైకప్పు దాకా లాగేయడం మంచిది. సెలవు రోజుల్లో మాత్రమే చేసేవాళ్ళయితే రెండు సీజన్లు పట్టినా టెన్షన్ పడకండి. పునాది, బేస్‌మెంటు ఒక ఏడు, గోడలు తర్వాతి ఏడు. మధ్యలో ఒక వానకాలం గడిస్తే నింపిన మట్టి బాగా దిగుతుంది, అదీ లాభమే. ఆగేటప్పుడు బయటికి మిగిలిన పిల్లర్ల రాడ్లకు సిమెంటు పాలు పూసి, ప్లాస్టిక్ చుట్టి ఉంచండి.

చేతికి పని నేర్పడం

వీడియోలు చూస్తే పని అర్థమవుతుంది, చేతికి రాదు. దానికి దారి ఒక్కటే. మీ వీధిలోనో పక్క వీధిలోనో ఇల్లు కడుతున్న బేల్దారి మేస్త్రీ దగ్గర కొన్ని రోజులు మాలు అందించండి. కూలి వద్దంటే ఆయనకూ అభ్యంతరం ఉండదు. చదరపు అడుగు లెక్కన కాంట్రాక్టు తీసుకున్న మేస్త్రీ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, ఆయనకు నేర్పే తీరిక ఉండదు. రోజు కూలికి చేసేవాళ్ళు నిదానంగా చెబుతారు.

అక్కడ చూడాల్సింది చేతిని. మాలు తాపీ మీదికి ఎంత తీస్తున్నాడు, మణికట్టు ఎలా తిప్పుతున్నాడు, ఇటుక పెట్టాక తాపీ పిడితో ఎక్కడ కొడుతున్నాడు. కొత్తగా పట్టినవాళ్ళు మాలును రొట్టె మీద వెన్నలాగా పూస్తారు. నాకు నేర్పిన మేస్త్రీ అన్నది ఇప్పటికీ చెవిలో ఉంది: "అట్టా కాదు సార్, మాలు ఇసరాల, పూయగూడదు." తాపీ నిండా మాలు తీసుకుని, వరస పొడుగునా చేతిని వెనక్కి లాగుతూ జారవిడిస్తే మూడు ఇటుకలకు సరిపడా ఒకే మందంలో పడుతుంది. తాపీ మొనతో దాని నడుమ చిన్న గాడి తీసి, ఇటుకను కొంచెం అవతలగా పెట్టి, అంతకుముందు పెట్టిన ఇటుక వైపు జరుపుతూ నొక్కాలి. అలా జరిపినప్పుడు నిలువు అతుకులోకి మాలు పైకి ఉబికి వస్తుంది. ఉబికి రాలేదంటే అతుకు లోపల బోలుగా ఉన్నట్టే, రేపు వానకు చెమ్మ అక్కడి నుంచే దిగుతుంది.

ఆ తర్వాత ఇంటి దగ్గర మట్టితో కట్టి చూడండి. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపి, మెత్తగా తొక్కి, దాంతోనే ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు గోడ ఒక మూల తిరిగేలా కట్టండి. తూకం పట్టి (గుండు వేలాడదీసి గోడ నిలువు సరిచూసి) చూడండి, కొలతలు రాసుకోండి, విప్పేయండి. ఇటుకలు కడిగితే మళ్ళీ కొత్తవే. ఇలా రెండు మూడు గోడలు లేపాక చేతికి లయ వస్తుంది. తర్వాత ఒక తులసికోట, బట్టలుతికే బండకు దిమ్మె, ప్రహరీలో కూలిన ముక్క, ఈ క్రమంలో సిమెంటుతో చేయండి. ఇవన్నీ అయ్యాక గది మొదలుపెడితే, గది గోడ మీకు కొత్త పనిలా ఉండదు.

సామాను

తాపీ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తూకపు గుండు, రసమట్టం, మూలమట్టం, గజం బద్ద, నైలాన్ దారం, ఇసుక జల్లెడ, పార, గడ్డపలుగు, నాలుగు గమేళాలు, దిమ్మిస. మట్టాలకు పదిహేను గజాల పారదర్శక ట్యూబు తీసుకోండి. నీళ్ళు నింపి బుడగలు లేకుండా చూసుకుంటే గది నాలుగు మూలలకూ ఒకే మట్టం తేవడానికి దాన్ని మించినది లేదు. రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. సిమెంటు చర్మాన్ని తింటుంది, మొదటి రోజు తెలియదు, మూడో రోజు వేళ్ళు పగులుతాయి.

ఇంకొకటి వడ్రంగితో చేయించుకోండి: లోపల 40 సెంటీమీటర్ల పొడుగు, 35 వెడల్పు, 25 లోతు ఉన్న అడుగు లేని చెక్క పెట్టె. దాని ఘనపరిమాణం 35 లీటర్లు, అంటే సరిగ్గా ఒక యాభై కిలోల సిమెంటు బస్తా. మాలు ఒకటికి ఆరు అంటే ఒక బస్తా సిమెంటుకు ఆరు పెట్టెల ఇసుక. గమేళా లెక్కలు ఒక్కొక్క చేతికి ఒక్కోలా ఉంటాయి, ఈ పెట్టె ఉంటే రోజూ మాలు ఒకేలా వస్తుంది.

ఇసుక, నీళ్ళు, ఇటుక

పెన్న ఇసుక దొరికేవాళ్ళు అదృష్టవంతులు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో దిబ్బల ఇసుక ఇంటి పక్కనే ఉంటుంది కదా అని వాడితే ఉప్పు పూత మీదికి తెల్లగా ఉబుకుతుంది, లోపల ఇనుము తుప్పు పడుతుంది. ఏ ఇసుకైనా ఒక గాజు సీసాలో సగం పోసి, నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి, గట్టిగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, పైన పల్చటి ఒండ్రు పొర తేలతాయి. ఇసుక ఎత్తులో పన్నెండో వంతు కంటే ఒండ్రు ఎక్కువుంటే కడిగి వాడాలి, లేదా లోడు వెనక్కి పంపాలి. ఇంకో చిక్కు: తడి ఇసుక ఉబ్బి ఉంటుంది. కొంచెం చెమ్మ ఉన్న ఇసుక పొడి ఇసుక కంటే పావు వంతు దాకా ఎక్కువ చోటు పడుతుంది. అప్పుడు పెట్టె నిండా పోసినా నిజానికి ఇసుక తగ్గుతుంది. తడి ఇసుకకు పెట్టె మీద కాస్త గోపురం వచ్చేలా పోస్తే సరిపోతుంది.

నీళ్ళ సంగతి మన తీరంలో చాలామంది పట్టించుకోరు. కొత్తపట్నం, సింగరాయకొండ, కావలి వైపు చాలా బోర్లలో ఉప్పు నీళ్ళే. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) చెబుతుంది. ఇనుము లేని కాంక్రీటుకు 2000 దాకా ఫర్వాలేదు. ఇంట్లో తేల్చుకోవాలంటే తాగడానికి పనికొచ్చే నీళ్ళయితే వాడండి, నోట్లో పెడితే ఉప్పగా ఉంటే పిల్లర్లకూ, తలుపు కిటికీల మీద వచ్చే కాంక్రీటు దూలమైన లింటెల్‌కూ ట్యాంకరు తెప్పించుకోండి. క్యూరింగ్‌కూ అదే నియమం. కనిగిరి, మార్కాపురం వైపు ఎండాకాలం నీళ్ళే దొరకవు కాబట్టి గోనెపట్టాలు తడిపి కప్పే పద్ధతి ముందే అనుకోండి.

ఇటుక రెండిటిని తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. మూడు నాలుగడుగుల ఎత్తు నుంచి చదును నేల మీద వదిలితే విరగకూడదు. పొడి ఇటుకను తూచి, రోజంతా నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచండి. మూడు కిలోల ఇటుక ఆరొందల గ్రాముల కంటే ఎక్కువ నీళ్ళు తాగితే అది గోడకు మంచిది కాదు. కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రాలు ఉండటంతో బూడిద ఇటుకలు మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. సైజు ఒకేలా ఉంటుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళ చేతికి అవే సులువు. మట్టి ఇటుకను నానబెట్టి కట్టాలి, బూడిద ఇటుకకు నీళ్ళు చిలకరిస్తే చాలు. నాలుగున్నర అంగుళాల గోడ వంద చదరపు అడుగులకు తొమ్మిది, నాలుగున్నర, మూడు అంగుళాల ఇటుకలు సుమారు 430 పడతాయి, విరుగుడుతో 450 అనుకోండి. తొమ్మిది అంగుళాల గోడకు దానికి రెట్టింపు.

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి. మూడు నెలలు దాటిన సరుకు వద్దు.

మార్కింగ్, పునాది

పాత గోడనే ఆధారం చేసుకుని దారం కట్టండి. మూల సరిగ్గా తొంభై డిగ్రీలకు వచ్చిందో లేదో చూడటానికి ఒక వైపు మూడడుగులు, రెండో వైపు నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే ఐదడుగులు రావాలి. గది పెద్దదైతే ఆరు, ఎనిమిది, పది. తర్వాత ఐమూల కొలతలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) రెండూ సమానంగా ఉన్నాయా చూసి ముగ్గు పోయండి. పాత ఇల్లే మూల తప్పి ఉంటే, అది చాలా ఇళ్ళలో ఉంటుంది, కొత్త గదిని సరిగ్గా కట్టి ఆ తేడాను అతుకు దగ్గర సర్దుకోండి.

తవ్వకముందు ఒక పరీక్ష గుంట తీయండి. మన జిల్లాల్లో ఊరూరికీ నేల మారుతుంది. ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బెత్తెడు వెడల్పున బీటలిస్తుంది. మేలో ఆ బీటలు ఎంత లోతు దాకా పోతున్నాయో గుంటలో కనిపిస్తుంది. పునాది అడుగు దానికి కిందికి పోవాలి, పైన నాలుగు వైపులా ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద చుట్టూ తిరిగే కాంక్రీటు దూలం) ఉండాలి. చిన్న గది అని మూడడుగులతో సరిపెడితే రెండో ఎండాకాలానికి గోడ మూలలో మెట్లు మెట్లుగా పగులు వస్తుంది. కోవూరు, ఇందుకూరుపేట వైపు వరి మడులను ప్లాట్లు చేసి గ్రావెల్ నింపుతారు. అక్కడ నింపిన మట్టి మీద పునాది పెట్టకూడదు, కింద అసలు నేల తగిలేదాకా దిగాలి. ఒడ్డు ఊళ్ళలో ఇసుక నేల అయితే గుంట గట్లు విరిగి పడతాయి. ఛాతీ లోతు దాటితే ఎవరూ ఒంటరిగా గుంటలోకి దిగొద్దు, గట్లకు పలకలు దన్ను పెట్టండి. పొదిలి, మార్కాపురం వైపు ఎర్రనేల, రాతిపొర త్వరగా తగులుతాయి కాబట్టి అక్కడ పని తేలిక, గడ్డపలుగుకే కష్టం.

ఇక్కడ ఇంజనీరును ఒక్కసారి పిలిచి గుంట చూపించండి. మొత్తం పనిలో నేను ఎవరికీ వద్దని చెప్పని ఖర్చు ఇదొక్కటే. పునాది ఎంత లోతు, పిల్లరు కావాలా, రాడ్లు ఎన్ని అన్నది ఆయన కాగితం మీద గీసిస్తారు.

పాత ఇంటి పునాది పక్కన తవ్వేటప్పుడు దాని అడుగు కంటే కిందికి పోకండి, పొడుగంతా ఒకేసారి బయటపెట్టకండి. మూడు నాలుగడుగులు తవ్వి, పునాది వేసి, పూడ్చి, తర్వాతి ముక్కకు పోవాలి. నల్లరేగడిలో కిందికి పోక తప్పదు కాబట్టి, కొత్త పునాదిని పాతదానికి ఎంత దూరం జరపాలో గుంట చూసిన ఇంజనీరునే అడగండి. సెప్టిక్ ట్యాంకు, పాత డ్రైనేజి పైపు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోండి.

బేస్‌మెంటులో గ్రావెల్ నింపేటప్పుడు ఆరంగుళాలకు ఒకసారి నీళ్ళు పెట్టి దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి రెండడుగులు నింపి పైన కొడితే పైపొరే గట్టిపడుతుంది, ఏడాదికి టైల్స్ కుంగుతాయి. చెదలు ఎక్కువున్న నేల అయితే మందు కొట్టించే సమయం కూడా ఇదే.

పాతకూ కొత్తకూ మధ్య

అందరూ తప్పుచేసే చోటు ఇది. పాత గోడలో ఒక ఇటుక విడిచి ఒకటి తీసి, కొత్త గోడను పళ్ళలాగా అందులోకి దూర్చితే గట్టిగా పట్టుకుంటుందని అనుకుంటారు. పాత ఇల్లు ఇరవై ఏళ్ళుగా దిగాల్సినంత దిగిపోయింది. కొత్త గది ఇప్పుడే దిగడం మొదలుపెడుతుంది. రెండిటినీ కట్టేస్తే పగిలేది పాత గోడే. రాతినేలలో ఫర్వాలేదు గానీ, నల్లరేగడిలోనూ నింపుడు నేలలోనూ కొత్త గదికి తన సొంత గోడ, సొంత పునాది పెట్టి, మధ్యలో అంగుళం సందు వదలండి. అందులో థర్మకోల్ పలక నిలబెట్టి కట్టుకుపోతే సందు శుభ్రంగా వస్తుంది. బయటివైపు తర్వాత సాగే సీలెంటుతో మూస్తారు.

లోపలికి దారి కోసం పాత గోడ పగలగొట్టే ముందు అక్కడ కిటికీ ఉందేమో చూడండి. కిటికీ ఉంటే దాని కింది గోడ మాత్రమే, అదే వెడల్పులో తీస్తే చాలు, పైన లింటెల్ అప్పటికే ఉంది. కిటికీ లేని చోట కొత్తగా దారి తీయడం మీరు చేసే పని కాదు.

గోడ

మూలలు ముందు. రెండు మూలల్లో నాలుగైదు వరసలు లేపి, తూకం పట్టి, వాటి మధ్య దారం బిగించి నడుమ నింపుకుంటూ రావాలి. దారానికి ఇటుక తగలకూడదు, వెంట్రుక మందం ఎడం ఉండాలి. ఒక్క ఇటుక తోసినా దారం వంగి వరసంతా దాని వెంట పోతుంది. తొమ్మిది అంగుళాల గోడకు ఒకటికి ఆరు మాలు, నాలుగున్నర గోడకు ఒకటికి నాలుగు. నాలుగున్నర గోడలో మూడు నాలుగు వరసలకొకసారి సన్నటి రాడ్లు రెండు అడ్డంగా వేయడం మంచిది. నీళ్ళు పోసిన మాలు గంటలో అయిపోవాలి. గట్టిపడ్డ మాలులో మళ్ళీ నీళ్ళు కలిపి మెత్తచేస్తే దానికి బలం ఉండదు. రోజుకు ఐదడుగుల ఎత్తు దాటొద్దు, కొత్తవాళ్ళయితే మూడడుగులు చాలు. సాయంత్రం వెళ్ళేముందు అతుకులను అర అంగుళం లోతు గీకితే రేపు పూత పట్టుకుంటుంది.

లింటెల్‌ను కిటికీ మీద ముక్కగా కాకుండా గది చుట్టూ పట్టీలాగా పోయించండి. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతంలో భూకంపం వచ్చింది, ఆ సంగతి ఈ తరానికి పెద్దగా గుర్తులేదు. గోడలన్నిటినీ ఒక పట్టీ కలిపి పట్టుకుంటే ఊపుకు విడిపోవు. దీని రాడ్లు కట్టడం రాడ్ బెండింగ్ మేస్త్రీతో చేయిస్తూ మీరు పక్కన ఉండండి. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) చెక్కకు రాడ్డు ఆనకుండా అంగుళం మందం కవర్ బ్లాకులు ఉన్నాయా అన్నదే మీరు చూడాల్సింది. కాంక్రీటు సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళలో, బస్తాకు 25 లీటర్ల నీళ్ళు దాటకుండా. జారుడుగా ఉంటే పోయడం తేలికని కూలీలు నీళ్ళు పోస్తూనే ఉంటారు, బకెట్టు మీ చేతిలో పెట్టుకోండి.

పైకప్పు

మొదటిసారి కట్టేవాళ్ళకు నా సలహా రేకులే. శ్లాబు కావాలంటే ఇంజనీరు గీసిన ప్రకారం, మిక్సరు, వైబ్రేటరు ఉన్న బ్యాచ్‌తో ఒకే రోజులో పోయించండి. మీ పని మర్నాటి నుంచి మొదలు. మట్టితో చిన్న కట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టాలి. నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబుకు దన్నులు కనీసం ఏడు రోజులు, ఆరు మీటర్ల లోపు బీములకు పద్నాలుగు రోజులు ఉంచాలని ఐఎస్ 456 లెక్క. ఆ లెక్క మామూలు ఓపీసీ సిమెంటుకు. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) నిదానంగా బలం పుంజుకుంటుంది కాబట్టి, సరుగుడు బాదులకు అద్దె పెరుగుతోందని తొందరపడొద్దు.

రేకుల గదికి అసలు శత్రువు వాన కాదు, గాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరం పొడుగునా పోయి బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. అలాంటి గాలి రేకును కిందికి నొక్కదు, పైకి లేపుతుంది. అందుకని గోడ మీద కూడా ఒక కాంక్రీటు పట్టీ వేయించి, అందులోనే బోల్టులు పాతి, ఇనుప పైపులను వాటికి బిగించాలి. ఇటుకలు పేర్చి పైపును కదలకుండా పెట్టడం మీద నమ్మకం వద్దు. పదడుగులకు అడుగున్నర వాలు ఉండాలి. స్క్రూలు రేకు ఉబ్బు మీద పడాలి, పల్లంలో పడితే కారుతుంది. అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయండి, గాలి పట్టేది అక్కడే. ఎత్తులో పని ఒక్కరే చేయొద్దు, కరెంటు తీగ దగ్గర్లో ఉంటే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే ఎక్కండి.

పూత, నేల

పూతకు ముందు గోడ మీద అక్కడక్కడా మాలు బిళ్ళలు పెట్టి, తూకంతో వాటినన్నిటినీ ఒకే మట్టానికి తేవాలి. వాటి మధ్య మాలు విసిరి, బద్దతో కింది నుంచి పైకి కోస్తూ లాగితే గోడ చదునుగా వస్తుంది. లోపల అర అంగుళం, ఒకటికి ఆరు. బయట రెండు కోట్లుగా ముప్పావు అంగుళం దాకా, ఒకటికి నాలుగు. మొదటి గోడగా వెనక, ఎవరికీ కనపడనిది ఎంచుకోండి. వంటగది గట్టుకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్కలు కొట్ల దగ్గర అడిగితే మిగులు సరుకుగా తక్కువకే వస్తాయి. అరలకు కడప బండ చాలు. టైల్స్ వేసేటప్పుడు స్నానాల గదిలో వాలు నీళ్ళ జాలీ వైపు ఉందో లేదో ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి, సిమెంటు ఆరకముందే.

క్యూరింగ్ గోడకు ఏడు రోజులు, పీపీసీతో పోసిన కాంక్రీటుకు కనీసం పది, మన ఎండకు పద్నాలుగు. రోజుకు రెండుసార్లు పైపు పట్టడం కాదు, ఎప్పుడు చేయి పెట్టినా తడిగా ఉండాలి.

రంగులకు తొందరపడకండి. సున్నం కొట్టి ఒక ఎండాకాలం, ఒక వానకాలం వదిలేయండి. గోడ మీద ఎక్కడైనా పగులు కనిపిస్తే దాని రెండు చివర్లా పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. వెంట్రుకవాసి పగులు అలాగే ఉండిపోతే అది పూతది, పుట్టీతో పోతుంది. గీత దాటి పెరుగుతూ, మూల నుంచి ఇటుక అతుకుల వెంట మెట్లలా దిగుతుంటే అది పునాదిది. అప్పుడు పుట్టీ డబ్బా పక్కన పెట్టి, గుంట చూసిన ఇంజనీరునే మళ్ళీ పిలవండి. పాత గోడ దగ్గర వదిలిన సందు కూడా ఈ రెండు కాలాలు గడిచాకే సీలెంటుతో మూయాలి. అప్పటిదాకా పైన రేకు ముక్క ఒకటి పాత గోడకు బిగించి సందు మీద వాల్చి ఉంచితే వాన లోపలికి దిగదు.